కొరమీనులు బతికిన బావి

నిన్న ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు జాతీయాలు చెబుతున్నాను. పటాన్‌చెరు దగ్గర పటేల్‌గూడలో మా బడి పక్కనే పెద్ద ఫ్యాక్టరీ గోడ. షిఫ్టు సైరన్ మోగిందంటే నేను వాక్యం మధ్యలో ఉన్నా సరే, పిల్లలు టిఫిన్ డబ్బాల మూతలు తీసేస్తారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ సైరన్‌ను ఓడించడం నా వల్ల కాలేదు. నిన్నటి పాఠంలో ‘లేబర్ ఆఫ్ లవ్’ అన్న మాట వచ్చింది. జీతం కోసమో పేరు కోసమో కాకుండా కేవలం ప్రేమ కొద్దీ చేసే చాకిరీ అని అర్థం చెప్పాను. ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాను. నెల తిరిగేసరికి బ్యాంకులో జీతం పడే పనికి వాడకూడదు. తిట్టుకుంటూ చేసే పనికి అసలే వాడకూడదు. పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ ఏమిటంటే, ఎవరో ఒకాయన సెలవు రోజుల్లో పెరట్లో కూర్చుని సొంతంగా ఒక పడవ చేసుకున్నాడట. మా పిల్లలకు పడవ దూరం, పెరడు ఇంకా దూరం. మీకు తెలిసినవాటితో చెప్పండి అన్నాను. ఒకడు వాళ్లమ్మ బిర్యానీ అన్నాడు. ఇంకొకడు వాళ్ల నాన్న ఆదివారం పొద్దున్నే బండి కడగడం అన్నాడు, “నడిపేది తక్కువ, తుడిచేది ఎక్కువ మేడమ్” అని. వెనక బెంచీలో ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూసే అమ్మాయి మాత్రం లేచి, “మేడమ్, ఆ పడవ మునిగిపోయిందనుకోండి. అప్పుడు గూడ గట్లనే అంటరా?” అని అడిగింది.

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పకపోతే టీచరు పరువు పోతుందని మాకు బి.ఎడ్.లో నేర్పలేదు గానీ, ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా నేను పుస్తకం తిరగేశాను. ఆ పిల్ల అడిగినదానికి జవాబు అందులో ఎక్కడా లేదు. ఈ జాతీయం వాడే చోటల్లా చివరికి చేతికి ఏదో ఒకటి వస్తుంది. పడవో, తోటో, ఇల్లో. రెక్కలు ముక్కలు చేసుకున్నా ఏమీ రాకపోతే దాన్నేమంటారో ఎవరూ రాయలేదు. మునిగిన పడవ సంగతి నాకు తెలియదు. కానీ ఇక్కడికి దగ్గర్లోనే, ఇంద్రేశంలో ఒక తారు రోడ్డు కింద బావి ఉంది. దాని సంగతి తెలుసు.

నేను డిగ్రీ పూర్తి చేసి, బి.ఎడ్. సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న రోజులవి. మాది కొల్లేరు పక్క ఊరు. నాన్నకు ఇక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరు ఉద్యోగం. క్వార్టరు ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటూ ఇంద్రేశంలో రెండు గదుల్లో కిరాయికి దిగి, అక్కడే ఏళ్లు గడిపేశాం. ఇంటాయన ఆ ఊరి పాత రైతు. భార్య పోయింది, పిల్లలు లేరు, తమ్ముడి కుటుంబంతోనే ఉండేవాడు. తమ్ముడి పిల్లలు ఆయన్ను పెద్దబాపు అనేవాళ్లు. నేను మొదట్లో మా అలవాటు ప్రకారం ‘పెదనాన్నగారూ’ అని పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి, ఎవరొచ్చారా అని గుమ్మం వైపు చూశాడు. ఆ తర్వాత నాకూ పెద్దబాపే. నాన్న మాత్రం చివరిదాకా ‘పటేల్‌గారూ’ అన్నాడు, ఆయన నాన్నను ‘సారూ’ అన్నాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని బీడీ, సిగరెట్టు మార్చుకుని కాల్చుకునేవాళ్లు. ఒకరి పొగ ఒకరికి నచ్చక ఇద్దరూ దగ్గేవాళ్లు.

ఇంటి వెనక చేను, చేని మొదట్లో బావి. పెద్దబాపు వాళ్ల తాత తవ్వించిందట. గుండ్రంగా, లోపలంతా రాతి కట్టడం, గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్లే మెట్లు. ఒకప్పుడు పప్పు మెత్తగా ఉడకాలంటే ఊళ్లోవాళ్లు బిందెలు పట్టుకుని ఆ బావికే వచ్చేవాళ్లని ఆయన చెప్పేవాడు. మేం దిగేనాటికి ఆ నీళ్లు పలచని టీ రంగులో ఉండేవి. దగ్గరికి వెళితే చాన్నాళ్లు మూసిన మందుల బీరువా తెరిచినట్టు వాసన. ఎగువన కంపెనీలు చాలా ఉండేవి. చేని పక్క వాగులోకి ఎవరు ఏం వదిలేవాళ్లో ఎవరూ తేల్చలేదు. తేల్చడానికి జీపుల్లో వచ్చినవాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకుపోయేవాళ్లు, ఆ సీసాలు ఏమయ్యాయో మళ్లీ చెప్పేవాళ్లు కాదు. వరి పొట్టకొచ్చేలోపే ఎర్రబడేది. గేదెలు ఆ నీళ్లు పోసిన తొట్టిలో మూతి పెట్టి, బుస్సుమని వెనక్కి జరిగేవి.

ఆ బావిని పెద్దబాపు ప్రతి ఎండాకాలం ఎత్తిపోసేవాడు. మోటారు పెట్టి నీళ్లు తోడేయడం తేలిక. అడుగున మిగిలిన బురద ఎత్తడమే నరకం. మొదట్లో కూలీలు వచ్చేవాళ్లు. దురదలు పుట్టి కాళ్లు పుండ్లు పడుతుంటే ఒక్కొక్కరే మానేశారు. చివరికి ఆయన ఒక్కడే మిగిలాడు. కాళ్లకు ఆముదం పట్టించుకుని, నడుముకు తాడు కట్టుకుని దిగేవాడు. ఆదివారాల్లో పైన గిలక దగ్గర నాన్న బురద బుట్టలు లాగేవాడు, నాన్నకు తోడు నేను. అడుగు కనిపించిన రోజున అసలు పని మొదలయ్యేది. ఆ బావిలోకి ఒక్కో వైపు నుంచి ఒక్కో ఊట వచ్చేది. వాటిలో తూర్పు ఊట ఒక్కటే మంచిదని ఆయన నమ్మకం. ఒక్కో ఊట దగ్గర గొంతుక్కూర్చుని, దోసిట్లో పట్టి, నాలుక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మేవాడు. తూర్పు ఊట దగ్గర మాత్రం ఉమ్మడానికి కొంచెం ఆలస్యం చేసేవాడు. ఆయన ఆశంతా ఆ కొంచెం ఆలస్యంలోనే ఉండేది. మిగిలిన ఊటలకు నల్లమట్టి పిసికి, గోనెపీచు కలిపి, రాళ్ల సందుల్లో కుక్కి, చంటిపిల్లకు అన్నం పెట్టినంత ఓపిగ్గా అరచేత్తో మెత్తేవాడు. వానలు పడగానే నేల కింది నీళ్లు ఆ మట్టిని తోసుకుని మళ్లీ అదే రంగుతో వచ్చేవి.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే అని నాన్న ఒకసారి నవ్వితే, “ఆయనకు ఎలుక కూడా దొరకడం లేదు కదండీ” అంది అమ్మ. నేనప్పుడు కొత్త డిగ్రీదాన్ని, నోరు ఊరుకునేది కాదు. “భూమి కింద నీళ్లకు మనం గోడ కట్టగలమా పెద్దబాపూ?” అని అడిగేశాను. ఆయన గోళ్లలో మట్టి పుల్లతో తీసుకుంటూ, “కట్టలేం బిడ్డా, నాకెరుకే. మరి ఇంట్ల మనిషికి సుస్తి చేస్తే, బాగైతదో లేదో చూసి మందు పోస్తమా?” అన్నాడు.  

కొత్త నీళ్లు ఊరాక, మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, ఆ బావిలో చేపపిల్లలు వదలడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. చేప తిరిగే నీళ్లు మనిషి తాగొచ్చని వాళ్ల పెద్దల లెక్క. అవి బతికితేనే ఆ ఏడు పోచమ్మ బోనం ఆ బావి నీళ్లతో వండాలి. లేకపోతే ట్యాంకర్ నీళ్లు. ట్యాంకర్ నీళ్ల బోనమంటే అరువు తెచ్చిన చీర కట్టుకుని సొంత బిడ్డ పెళ్లిలో కూర్చున్నట్టుంటుందని ఆయన మరదలు, అంటే తమ్ముడి భార్య, వాపోయేది. ఏటా బొచ్చె పిల్లలనో రవ్వ పిల్లలనో తెచ్చి వదిలేవాడు పెద్దబాపు. వారం తిరక్కుండానే అవి తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలేవి. వాటిని జల్లెడతో ఒక్కొక్కటిగా దేవి, చేని గట్టున గుంట తీసి పాతిపెట్టేవాడు.  ఆ పూట మేం రేడియో పెట్టుకునేవాళ్లం కాదు.

తమ్ముడు జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పనికి పోయేవాడు. అలాంటి నీళ్లు ఎక్కడ పుడతాయో రోజూ కళ్లారా చూసేవాడు కాబట్టి అతనికి ఆశ లేదు. చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్నాయి. మా వెనక చేనుకూ లేఅవుటు గీశారు. అందులో పెద్ద రోడ్డు సరిగ్గా బావి మీదుగా పోయింది. ఆ ఎండాకాలం పెద్దబాపు బావిలోంచి పైకి వచ్చి, ఆయాసంతో గట్టున కూలబడి ఉండగా తమ్ముడు మా అందరి ముందూ అన్నాడు. “అన్నా, నీ కాళ్లు సూడు. ఒక్క గోరన్న సక్కగ ఉన్నదా? ఇగ ఇదే ఆఖరు. గీ ఏడు గూడ చాపలు చస్తే బావి పూడుస్తం. బతికితే, పోచమ్మ మీద ఒట్టు, రోడ్డు పక్కకు జరిపిస్త. మల్ల నేను నోరెత్త.”

పెద్దబాపు సరేనన్నాడు. ఇంకేమనగలడు? తమ్ముడు చెడ్డవాడు కాదు, చెప్పింది అబద్ధమూ కాదు. ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు. పొద్దంతా బావి అంచునే. “మా అమ్మ గీ నీళ్లు పోసే నన్ను పెంచింది సారూ” అన్న ఒక్క మాటే నాన్నకు మళ్లీ మళ్లీ చెప్పేవాడు. నాన్న విని విని ఒక రోజు సెలవు పెట్టి, ఎందుకో చెప్పకుండా మా కొల్లేటి ఊరికి పోయాడు. మిరుగం ముందు రోజు తిరిగి వచ్చాడు, చేతిలో మూతకు చిల్లులు పొడిచిన నూనె డబ్బాతో. డబ్బా నిండా జానెడేసి కొరమీనులు. రైల్లో అవి లోపలి నుంచి డబడబ కొడుతుంటే పక్క సీటాయన ఏమిటవి అని అడిగాడట. నీచువాసన అని గొడవ చేస్తాడేమోనని నాన్న, “స్పేర్ పార్ట్సండీ, ఫ్యాక్టరీవి” అన్నాడట. వాటంతటవే కదిలే స్పేర్ పార్టుల మీద ఆయనకు ఏం గౌరవం కలిగిందో, రైలు దిగేదాకా కాళ్లు ముడుచుకునే కూర్చున్నాడట.

అమ్మ మాత్రం డబ్బాలోకి చూసి నవ్వలేదు. “కొరమీను ఉత్త బురదలో కూడా బతుకుతుంది కదండీ. తల పైకెత్తి గాలి పీల్చుకుంటుంది. అది బతికితే నీళ్లు మంచివని ఎలా అవుతుంది?” అంది. నాన్న చొక్కా గుండీలు విప్పుతూ, “ఆ బావిలో ఏదో ఒకటి బతకాలే. లేకపోతే ఆయన బతకడు. ఈ వైపు వాళ్లకు కొరమీను సంగతి అంతగా తెలియదులే” అన్నాడు. కొల్లేటి వాళ్లకు ఆ ఒక్క జబ్బు ఉంది. చేప అంటే ప్రపంచంలో మాకొక్కరికే తెలుసనుకుంటాం.

మర్నాడు పెద్దబాపు డబ్బా మూత తీసి చాలాసేపు లోపలికి చూశాడు. వేలితో ఒకదాని వీపు నిమిరాడు. “మీ దిక్కు చాపలా సారూ?” అని అడిగాడు. “గట్టి జాతండీ పటేల్‌గారూ, మా నీళ్లలో పెరిగినవి” అన్నాడు నాన్న. “మంచిది” అని, డబ్బా వంచి వాటిని బావిలో వదిలాడు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఏదీ తేలలేదు. నల్లటి తలలు పైకి వచ్చి, గుటక్కున గాలి మింగి, మళ్లీ కిందికి పోయేవి. తమ్ముడు బావి చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. ఇచ్చిన మాట ప్రకారం లేఅవుటు వాళ్ల దగ్గరికి పోయి, పోట్లాడి, ప్లాను కాగితం మీద రోడ్డు పక్కకు జరిపించి వచ్చాడు. ఆ సాయంత్రం ఇంట్లో పండగే. వానలకు నీళ్ల రంగు కూడా కొంచెం విరిగింది. మరదలు కొత్త కుండ తెచ్చి, “ఎన్నేండ్లకు! గీ సారి మన బావి నీళ్లతోనే బోనం. పిల్లలందరికి ఆ ప్రసాదమే” అని వాడంతా చెప్పుకుంది.

 నాన్న బావిని కాపాడాలనుకున్నాడు గానీ, చేపలు బతికితే ఆ నీళ్లు పొయ్యి మీదికి ఎక్కుతాయన్న ఆలోచనే ఆయనకు రాలేదు. చెబితే బావి పోతుంది. చెప్పకపోతే ఆ నీళ్లు పిల్లల కడుపులోకి పోతాయి. “ఇవాళ చెప్పండి” అని అమ్మ రోజూ అనేది. నాన్న రోజూ చెప్పులేసుకుని ఆ వైపు వెళ్లేవాడు, పెద్దబాపు ఇచ్చిన బీడీ కాల్చుకుని వచ్చేసేవాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మా నాన్నను అంత దిక్కుతోచని మనిషిగా నేను అంతకు ముందు చూడలేదు.

బోనాల పొద్దున మరదలు తలస్నానం చేసి, కుండకు పసుపు రాసి, వేపమండలు పక్కన పెట్టుకుని బావిలోంచి నీళ్లు చేది కుండ నింపింది. చుట్టూ పిల్లలు. నీళ్లు పైపైన తేటగానే ఉన్నాయి. నాన్న ఒక్కడుగు ముందుకు వేసి, “అమ్మా, ఒక్క నిమిషం…” అన్నాడు. ఈలోగా గట్టు మీద కూర్చున్న పెద్దబాపు లేచి వచ్చాడు. ఆమె చేతిలోంచి కుండ తీసుకుని, నీళ్లన్నీ నేల మీద ఒంపేశాడు.

“బావా! పండుగ పూట గిదేంది?” అని ఆమె కేక పెట్టింది.

“అవి కొరమీన్లమ్మా. ఉత్త బురదల గూడ బతుకుతయి. నీళ్లేం బాగు కాలే.”

తమ్ముడు బావి అంచుకు పోయి లోపలికి చూశాడు. “నీకు ఎప్పటి సంది ఎరుక?” అని అడిగాడు.

“డబ్బ మూత తీసినప్పటి సంది. చెరువుల కొరమీన్లు పట్టుకుంట పెరిగినోన్ని, నాకెరుక ఉండదారా?”

“మరి గప్పుడే ఎందుకు చెప్పలే?”

పెద్దబాపు నాన్న వైపు చూశాడు. “సారు గంత దూరంకెళ్లి మోసుకొచ్చిండు. ఎట్ల చెప్తం? ఉన్నన్ని దినాలు ఉండనీ అనుకున్న. పిల్లల నోట్లెకు పోతదంటే మాత్రం ఉండనియ్య.” తర్వాత తమ్ముడితో, మామూలుగా, “ఇగ పూడిపియ్యి” అన్నాడు.

నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకుని, పసిపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దబాపు ఆ చేతులు విడిపించుకోకుండానే, “నువ్వేం తప్పు చేసినవ్ సారూ? ఇన్నేండ్ల సంది గీ బావికి నేనొక్కన్నే పిచ్చోన్ననుకున్న. ఇంకొకడు తోడున్నడని ఎరుకైంది” అన్నాడు. ఆ ఏడూ బోనం ట్యాంకర్ నీళ్లతోనే వండారు. మరదలు దాన్ని తలమీద ఎత్తుకుని నడుస్తున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

పూడ్చే రోజున టిప్పర్లు వచ్చి చేని మొగదల నిలబడ్డాక పెద్దబాపు, ప్రాణమున్నవాటి మీద మట్టి ఎట్లా పోస్తాం, చేపలు తీసేదాకా ఆగమన్నాడు. మోటారు పెట్టి నీళ్లు లాగించి తను దిగాడు. వెనకే నాన్న, వద్దు వద్దని అమ్మ అరుస్తున్నా, పంచె ఎగ్గట్టి దిగాడు. గిలక దగ్గర ఈసారి తమ్ముడూ నేనూ. ఒట్టి చేతులతో కొరమీను పట్టడమంటే ఏమిటో కొల్లేటి మనిషికీ తెలుసు, చెరువు మనిషికీ తెలుసు. ఒకరు తోక పట్టుకుంటే ఇంకొకరు తల పట్టుకునేవాళ్లు, రెండూ జారిపోయేవి. మోకాలి లోతు బురదలో ఇద్దరూ కొట్టుకుంటూ, తిట్టుకుంటూ, మధ్యలో పగలబడి నవ్వుతూ. పైన టిప్పరు డ్రైవరు హారన్ కొట్టి, “చాచా, ఔర్ కిత్నా టైమ్?” అని అరుస్తున్నాడు. దొరికినవాటిని అదే నూనె డబ్బాలో వేసి పైకి పంపారు. సంగారెడ్డి అవతల మంజీరలో వదిలి రమ్మని తమ్ముడికి చెప్పారు. అన్నిటికన్నా పెద్దది మాత్రం బురదలో ఎక్కడ దూరిందో చిక్కలేదు. పెద్దబాపు తూర్పు ఊట దగ్గర చేయి పెట్టి, “ఒక్కటి దొరుకుతలే, జెర ఆగుండ్రి” అని పొద్దు వాలేదాకా వెతికాడు. చివరికి నాన్నే భుజం పట్టి పైకి తీసుకొచ్చాడు. మొదటి లోడు పడ్డప్పుడు ఆయన గిలక స్తంభం పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. చేను మొత్తం కాలనీ అయింది, పాత గీత ప్రకారమే రోడ్డు బావి మీదుగా పడింది. పెద్దబాపు బతికినన్నాళ్లూ మిరుగం నాడు ఆ రోడ్డు దాకా నడిచి వచ్చి, ఒకచోట చెప్పులు విడిచి, చేప కనిపిస్తుందేమో అన్నట్టు తారులోకి చూసి వెళ్లిపోయేవాడు. కాలనీ వాళ్లు మతి చలించిందనుకున్నారు. నాన్న ఆయన పక్కనే నిలబడి వచ్చేవాడు కాబట్టి, ఇద్దరికీ చలించిందనుకుని ఉంటారు.

నిన్న బోర్డు మీద ఆ అమ్మాయి కోసం ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. మా నాన్న ఒక బావి కోసం రైల్లో చేపలు తెచ్చాడు, అని. ఆ పిల్ల రెండుసార్లు చదువుకుని, “మేడమ్, మరి ఇందుల ‘లేబర్ ఆఫ్ లవ్’ ఏది?” అని అడిగింది. అప్పుడే సైరన్ మోగింది, డబ్బాల మూతలు లేచాయి. సైరన్ చేతిలో ఓడిపోయినందుకు నాకు మొదటిసారి సంతోషం వేసింది. ఇవాళ పొద్దున వాన. బడికి వెళ్తూ ఆ రోడ్డు మీదుగా పోయాను. ఎప్పటిలాగే ఆ చోట రోడ్డు గుండ్రంగా కుంగింది, దాంట్లో నీళ్లు నిలిచాయి. ప్రతి వానాకాలం ఇంతే. మట్టి తెచ్చి పోస్తారు, తారు వేస్తారు, కాంట్రాక్టరును తిడతారు, మళ్లీ వాన పడగానే కుంగుతుంది. నేను స్కూటీ ఆపి, గొడుగు కింద కాసేపు ఆ నీళ్లను చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్లుగా పోస్తూనే ఉన్నారు గానీ, ఆ బావిని పూర్తిగా పూడ్చడం కాలానికి కూడా ఇంకా చేతకాలేదు.